బాలచంద్రుని తొలిపోరు

యువకుడు బరిలో దిగుటకు ఎప్పుడు తగినవాడగును? ఈ ప్రశ్న మల్లయుద్ధమునకు ఎంత పాతదో బాక్సింగునకును అంత పాతది. చేతిలో బలమున్నది, కంటిలో చురుకున్నది, గుండెలో జంకు లేదు. ఇక బిరుదు కొఱకు పోరాడుటకు అడ్డమేమని కుఱ్ఱవాడు అడుగును. ఇంకను కొంతకాలము ఆగుమని గురువు చెప్పును. ఆగినచో అవకాశము చేజారునని చుట్టునున్నవారు తొందరపెట్టుదురు. ఈ మూడు మాటల నడుమ నలిగినవారు ప్రతి దేశమునను ఉన్నారు. తెలుగునాట ఈ ప్రశ్నను మిక్కిలి కఠినముగా అడిగినది పల్నాటి వీరగాథ. ఆ గాథలోని కుఱ్ఱవాడు బాలచంద్రుడు. అతడు పోరినది బిరుదు కొఱకు కాదు, రాజ్యభాగము కొఱకును, చంపబడిన బంధువు పగ కొఱకును. ఆ తొలిపోరే అతని కడపటి పోరయ్యెను.

గుంటూరు సీమకు పడమట, కృష్ణానదికి దక్షిణముగా పల్నాడున్నది. నేడది పత్తియు మిరపయు విరివిగా పండు నేల. 2022లో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు పేరుతోనే ప్రత్యేక జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాలో నాగులేటి యొడ్డున కారంపూడి యున్నది. 12వ శతాబ్ది యుత్తరార్ధమున ఇచ్చట జరిగిన దాయాదుల పోరే పల్నాటి యుద్ధము. బాలచంద్రుని గూర్చి మనకు తెలిసినదంతయు వీరగాథ నుండియే తెలియుచున్నది. అందులో చరిత్ర పాలెంత, కల్పన పాలెంత యని పండితులు నేటికిని విచారించుచున్నారు. కాని, ఒక జాతి తన బిడ్డలలో ఒకని జీవితమును ఎనిమిది వందల యేండ్లకు పైగా ఏ రీతిగా గుర్తుంచుకొన్నదో, ఆ గుర్తు కూడ చరిత్రలో భాగమే.

గాథ చెప్పు వృత్తాంతమిది. హైహయ వంశీయుడైన అనుగురాజు ఉత్తరము నుండి దక్షిణమునకు వచ్చెను. చందవోలు రాజధానిగా పాలించుచుండిన వెలనాటి ప్రభువుల ఆడపడుచు మైలమదేవిని వివాహమాడి, పల్నాటిని అరణముగా పొందెను. ఆమె కొడుకు నలగామరాజు. మఱియొక రాణియైన వీరవిద్యాదేవి కొడుకు మలిదేవరాజు. తండ్రి తరువాత నలగాముడు గురజాల గద్దె నెక్కెను. దొడ్డనాయని కొడుకైన బ్రహ్మనాయుడు మంత్రియై రాజ్యము నడపెను. తరువాత నాయకురాలు నాగమ్మ నలగాముని కొలువున ప్రాబల్యము సంపాదించెను. ఇద్దరును సమర్థులే, ఇద్దరును పట్టుదల గలవారే. వారి స్పర్ధ పెరిగి రాజ్యము రెండుగా చీలెను. గురజాల నలగామునికి మిగిలెను. మలిదేవాదులు బ్రహ్మనాయని యండతో మాచర్ల చేరిరి.

బ్రహ్మనాయుడు సామాన్యుడు కాడు. మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. కులభేదమును లెక్కింపక అందఱను ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించినవాడని, చాపకూడు అను మాటకు మూలమాతడేయని పల్నాటి ప్రజలు చెప్పుకొందురు. మాల కులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేకొని, సేనానాయకుని చేసెను. ఇంతటివాడును కోడిపందెమునకు లొంగిపోయెను. నాగమ్మ కోడికిని బ్రహ్మనాయని కోడికిని జరిగిన పందెమున బ్రహ్మనాయని కోడి యోడెను. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనను ఒడంబడిక ప్రకారము మాచర్లవారు పరాయి చోట తలదాచుకొనవలసి వచ్చెను. వారు నివసించిన చోట్లలో ముఖ్యమైనది త్రిపురాంతకము చెంతనున్న మేడపి. పెద్దలు ఒక్కనాటి పందెములో ఒడ్డినది తమ పిల్లల బాల్యమును. బాలచంద్రుని యెదుగుదలలో పెక్కు సంవత్సరములు ఈ ప్రవాసమున గడచినవే యై యుండవలెను.

గడువు తీరెను. మాచర్లవారు తమ భాగము తమకిమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగా పంపిరి. అలరాజు కొమ్మరాజు కొడుకు, నలగామునికి స్వయముగా అల్లుడు. గురజాలలో మాట కుదరలేదు. తిరుగు ప్రయాణమున చర్లగుడిపాడు వద్ద అతనికి విషము పెట్టి చంపిరి. రాయబారిని చంపుట ఏ కాలమునను, ఏ నీతి ప్రకారమును క్షమింపరాని నేరము. ఇక యుద్ధము తప్పదని తేలెను. మాచర్ల వీరులు కారంపూడికి కదలిరి. బాలచంద్రుడు మాత్రము తల్లి చెంతనే నిలిచిపోయెను.

బాలచంద్రుడు బ్రహ్మనాయనికిని ఐతాంబకును నోముల పంటగా కలిగిన కొడుకు. ఎన్నడో గాని కలుగని బిడ్డ యగుటచే తల్లికి అతడు ప్రాణము. అతడు ఒంటరిగా పెరుగలేదు. బ్రాహ్మణుడైన అనపోతు మొదలుకొని కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కులములలో పుట్టిన బాలురు అతనికి తమ్ములై, ఒక్క కంచమున తిని, ఒక్క మంచమున పండినట్లు పెరిగిరి. తండ్రి చాపకూటిలో చేసి చూపిన సమత్వమును కొడుకు ఆటలో చేసి చూపెను. వీరోచితమైన విద్యలన్నియు అతనికి అబ్బెను. కత్తి తిప్పుటలో అతనిని మించినవాడు ఆ యీడున లేడు. మంచాలతో అతనికి పెండ్లియు జరిగెను. కాని ఆమెతో కాపురము చేయక, శ్యామాంగి యను వేశ్యయింట కాలము గడపుచుండెను. వీరగాథ తన నాయకుని ఈ లోపమును దాచలేదు. చేతికి నేర్పు వచ్చినంత మాత్రమున నడవడికి నిలకడ రాదని గాథకారునికి తెలియును.

పెద్దలు కారంపూడికి పోయిన తరువాత ఒకనాడు బాలచంద్రుడు తమ్ములతో కూడి బొంగరములాడుచుండెను. అతడు విసరిన బొంగరము గుఱి తప్పి, దారిని పోవు అన్నమ్మ యను వైశ్యస్త్రీ కాలికి తగిలి గాయమయ్యెను. ఆ బాధలో ఆమె నోటినుండి ఒక యెత్తిపొడుపు వెలువడెను. తండ్రియు బంధువులును కారంపూడి బయలున ప్రాణములొడ్డి నిలిచియుండగా, ఈడు వచ్చిన కొడుకు ఇంటికడ బొంగరములాడుట సిగ్గు కాదా యని ఆమె మాటల సారము. బాలచంద్రునికి అంతవఱకు యుద్ధము సంగతి సరిగా తెలియదు. ఎవ్వరును చెప్పలేదు. పరాయి యింటి యిల్లాలు, అదియును తన వలన గాయపడినది, నలుగురి యెదుట ఆ సంగతి తెలిపెను. పౌరుషము గల కుఱ్ఱవానికి అంతకంటె లోతైన దెబ్బ యేమి యుండును?

అతడు బొంగరము విడిచి తల్లి కడకు పోయెను. గాథలో అత్యంత కరుణాత్మకమైన ఘట్టమిది. కొడుకు యుద్ధమునకు సెలవడుగును, తల్లి వలదనును. ఐతాంబ పిఱికి స్త్రీ కాదు, వీరుని యిల్లాలు. యుద్ధము తప్పని ఆమె యనలేదు. బిడ్డ కొఱకు తాను పడిన పాట్లు చెప్పెను. అతని లేతతనమును చెప్పెను. అనుభవము గల వీరులే తిరిగి వత్తురో రారో తెలియని చోటికి నీవేల యని వారించెను. ప్రతి మాటకును అతడు ప్రతి మాట చెప్పెను. తండ్రి పోరుచుండగా కొడుకు దాగరాదు. మరణము ఇంటనున్నను రాక తప్పదు. కీర్తి యొక్కటియే నిలుచును. ఈ మాటలు తప్పని ఎవ్వరు చెప్పగలరు? అవి పెద్దలు అతనికి చిన్ననాటినుండి నేర్పిన మాటలే. తాము నేర్పిన పాఠమును తమ బిడ్డ తమకే అప్పగించినప్పుడు తల్లిదండ్రులకు సమాధానము దొరకదు. ఐతాంబకును దొరకలేదు. కన్నీరు తుడిచికొని సెలవిచ్చెను. భార్యను చూచి పొమ్మని మాత్రము కోరెను.

బాలచంద్రుడు మంచాల యింటికి పోయెను. పెండ్లినాటినుండి తనను మఱచిన భర్త తొలిసారి తన గడప త్రొక్కుటయు, ఆ రాకయే కడపటి రాక యగుటయు ఆమెకు ఒక్కనాడే తెలిసెను. ఆమె నిందింపలేదు, అడ్డు పడలేదు. యుద్ధమునకు పోవువాని మనస్సు వెనుకకు లాగరాదని తలచి, కత్తి చేతికిచ్చి సాగనంపెను. మగువ మాంచాలయని పల్నాటివారు ఆమెను నేటికిని తలచుదురు. తల్లి అతని ప్రాణమును చూచెను, భార్య అతని మాటను చూచెను. అతని చేతి నేర్పు పోరునకు చాలునా, అతని మనస్సు పోరునకు పండెనా యని చూచి చెప్పవలసినవాడు తండ్రి. ఆ తండ్రి అప్పటికే కారంపూడిలో నుండెను.

బాలచంద్రుని తొందర మొదట బలిగొన్నది శత్రువును కాదు. అనపోతు బ్రాహ్మణుడు. అతనిని యుద్ధమునకు గొనిపోయి చంపించిన పాపము కట్టుకొనరాదను తలంపుతో, దారిలో ఏదో నెపము పెట్టి బాలచంద్రుడు అతనిని వెనుకకు పంపెను. తక్కినవారు ముందునకు సాగిరి. తిరిగి వచ్చిన అనపోతు తన్ను విడిచిపోయిన సంగతి గ్రహించెను. కలిసి తిని, కలిసి ఆడి, చచ్చునప్పుడు మాత్రము వేఱు చేయబడితినను దుఃఖమును తాళలేక అచ్చటనే ప్రాణము తీసికొనెను. కాపాడవలెనను మంచి తలంపుతో చేసిన పనియే చావునకు కారణమయ్యెను. ఇది కత్తి తిప్పుటలో నేర్పు లేక జరిగిన పొరపాటు కాదు. తనను నమ్మినవాని మనస్సు ఎట్టిదో ముందుగా ఊహింపలేకపోయిన పొరపాటు. అట్టి ఊహ ఏండ్లు గడచిన కొలది గాని రాదు. విచిత్రమేమనగా, బాలచంద్రునికి పెద్దలు చేసినదే అతడు అనపోతునకు చేసెను. నిజము చెప్పక వెనుక నిలిపెను. తనకది ఎంత నొప్పి కలిగించెనో మఱచెను.

కారంపూడి చేరునప్పటికి అచ్చట ఇంకను పోరు ముదురలేదు. పైగా సంధి మాటలు నడచుచుండెను. ఇరుప్రక్కల పెద్దలును దాయాదులే. ఒకరి యింట ఒకరు తిన్నవారే. నెత్తురు చిందక పోవుటకు ఇంకను సందున్నదని బ్రహ్మనాయుడు తలచెను. కొడుకు వచ్చుట చూచి అతడు సంతోషింపలేదు. బాలచంద్రుడు సభలో సంధిని ఎదిరించెను. అలరాజును విషము పెట్టి చంపినవారితో సంధి యేమని అడిగెను. ఏడేండ్ల ప్రవాసమును ఎవరు తీర్తురని నిలదీసెను.

ఈ ఘట్టమున బాలచంద్రుని పక్షమున చెప్పదగినది చాల గలదు. అతడు లేనిపోని కయ్యమునకు కాలు దువ్వలేదు. రాయబారి హత్యకు న్యాయము జరుగవలెనని కోరెను. పెద్దలు రాజ్యమును లెక్కింపగా అతడు చచ్చినవానిని లెక్కించెను. అతడు వచ్చియుండనిచో అలరాజు చావు ఒప్పందపు మాటల క్రింద మఱుగుపడి యుండెడిదేమో. యువకులు పెద్దల సభకు తెచ్చు గొప్ప వరమిదియే. పెద్దలు సర్దుకొన్న అన్యాయమును వారు సర్దుకొనలేరు. కాని న్యాయమును కోరుట వేఱు, ఆ న్యాయమునకు చెల్లింపవలసిన వెలను ఎంచుట వేఱు. వెల యెంచుటకు అంతకు పూర్వము ఒక్క యుద్ధభూమినైనను చూచి యుండవలెను. పోరు ముగిసిన మఱునాడు ఏ యింట ఏ యేడుపు వినబడునో ఎఱిగి యుండవలెను. సభలో ఆ యెఱుక గలవారు లేకపోలేదు. వారు చెప్పలేదు, చెప్పినను గట్టిగా నిలువలేదు. కుఱ్ఱవాని పౌరుషము ముందు నెమ్మది మాట పిఱికితనమువలె వినబడునని వెఱచిరి. పెద్దఱికము ఓడినది కారంపూడి బయలున కాదు, ఆ సభలో.

యుద్ధము సాగెను. బాలచంద్రుడు తమ్ములతో కూడి నలగాముని సేనలపై పడెను. అతడు చూపిన పరాక్రమమును గాథ పాడు వారు పూనకము వచ్చినట్లు వర్ణింతురు. నలగాముని తమ్ముడు నరసింగరాజు అతని చేత మడిసెను. శత్రువుల మొన చీలెను. కాని అతడు సేన నడుమకు చొచ్చుకొని పోయినకొలది తనవారు దూరమైరి. గాయములు పెరిగెను. వెనుకకు మరలుట అతనికి ఎవ్వరును నేర్పలేదు. నేర్పినను నేర్చుకొని యుండడు. ఆ బయలుననే అతడు నేలకొరిగెను. తమ్ములును అతనితోడనే పోయిరి.

బాలచంద్రుడు గెలిచెనా, ఓడెనా? అతని పక్షము గెలిచినదనియే గాథ చెప్పును. కొడుకు పోయిన పిమ్మట బ్రహ్మనాయుడు పోరున దిగి శత్రుసేనను రూపుమాపెను. నాయకురాలు లొంగెను. కాని గెలిచిన రాజ్యమును ఏలుటకు గెలిచినవారిలో మిగిలినవారెవ్వరు? మలిదేవాదులు లేరు, కన్నమదాసు లేడు, బాలచంద్రుడు లేడు. కడకు బ్రహ్మనాయుడు నలగామునినే తిరిగి గద్దెపై నిలిపి, తాను గుత్తికొండ బిలమున ప్రవేశించెనని చెప్పుదురు. ఎవని మీద కత్తి యెత్తిరో వానికే రాజ్యము అప్పగింపవలసి వచ్చెను. ఈ యుద్ధముతో పల్నాటి హైహయుల బలమును, వారికి అండయైన వెలనాటి ప్రభువుల బలమును సన్నగిల్లెను. ఓరుగల్లు కాకతీయులు తీరాంధ్రమున కాలూనుటకు అది దారి తీసినదని చరిత్రకారులు చెప్పుదురు.

ప్రజలు బాలచంద్రుని మఱువలేదు. కారంపూడిలో వీరుల గుడి వెలసినది. ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు అచ్చట వీరుల తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరవిద్యావంతులు కథను పాడుదురు. కోడిపోరుతో రగిలిన పగకు ఒక దినము, చాపకూటి సమత్వమునకు ఒక దినము. రెండును మఱువరాదని ఆ యేర్పాటు చెప్పుచున్నట్లుండును. శ్రీనాథుడు ద్విపదలో ఈ కథ రచించెనని ప్రసిద్ధి. ఆ కావ్యమును అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో వెలువరించెను. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధము చలనచిత్రమున అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడుగా నటించెను. 1966లో ఆ పేరుతోనే మఱియొక చిత్రము వచ్చెను. అమెరికా పండితుడు జీన్ రాఘేర్ పల్నాటి గాయకుల నోటినుండి ఈ గాథను సేకరించి, ఆంగ్లమున అనువదించి 1982లో ప్రకటించెను.

ఇంతగా ప్రేమింపబడినవానిని గూర్చి తొందరపడెనని అనుట అపచారము కాదు. గాథయే ఆ మాట అనుచున్నది. కొడుకు శౌర్యమునకు ఎంత చోటిచ్చెనో తల్లి వేడుకోలునకును అంత చోటిచ్చెను. వినువారు రెండింటికిని కన్నీరు పెట్టుదురు. కావున ఈ కథ ముందు పెట్టిన ప్రశ్నను మనము నేటి బరిలో నిలిపి చూడవచ్చును.

ఫ్రాన్సు దేశపు బాక్సరు జార్జి కార్పెంతియే 1894లో గనుల ప్రాంతమున పుట్టెను. 14 ఏండ్లకే వృత్తిగా బాక్సింగు చేపట్టెను. 17 ఏండ్లకు తన బరువు విభాగమున ఐరోపా విజేత యయ్యెను. 1912లో, 18 ఏండ్ల ప్రాయమున, తనకంటె పెద్దవారును ఆరితేరినవారును అగు అమెరికా బాక్సర్లు ఫ్రాంక్ క్లాస్, బిల్లీ పాప్కె లను ఎదుర్కొనెను. రెండు పోటీలలోను ఓడెను. క్లాస్‌తో పోటీ జరుగుచుండగా అతని మేనేజరు దేకాంప్ స్వయముగా బరిలోనికి ప్రవేశించుటచే పోటీ అంతటితో ముగిసి, ఓటమి నిర్ణయమయ్యెను. అవి తొందరపడి ఒప్పుకొన్న పోటీలేయని చెప్పవచ్చును. కాని ఓడినవాడు బ్రదికి యుండెను. 1920లో అతడే ఒక బరువు విభాగమున ప్రపంచ విజేత యయ్యెను. 81 ఏండ్లు జీవించి 1975లో మరణించెను. బాక్సింగు బరికి ఒక మూల యుండును, ఆ మూలన ఒక పెద్ద యుండును. తనవాడు ఇక నిలువలేడని తోచినప్పుడు తువ్వాలు విసరి పోటీని ఆపు అధికారము ఆ పెద్దకున్నది. నాగులేటి యొడ్డున అట్టి మూల లేదు, తువ్వాలు లేదు.

మన నిజామాబాదు నుండి మఱియొక యుదాహరణము గ్రహింపవచ్చును. నిఖత్ జరీన్ 2011లో, 14 ఏండ్ల ప్రాయముననే, బాలికల విభాగమున ప్రపంచ విజేత యయ్యెను. పెద్దల విభాగమున ప్రపంచ విజేత యగుటకు ఆమెకు ఇంకను 11 ఏండ్లు పట్టెను. 2017లో భుజమునకు గాయమై బరికి దూరము కావలసి వచ్చెను. 2022లో ఇస్తాంబుల్ నగరమున ఆమె స్వర్ణము గెలిచెను. 2023లో ఢిల్లీలో మరల గెలిచెను. ఔత్సాహిక బాక్సింగు నియమములలో 17, 18 ఏండ్లవారికి యువ విభాగమును, 19 ఏండ్లు వచ్చినవారికి పెద్దల విభాగమును వేఱుగా ఏర్పఱచుట కూడ ఈ యెఱుకతోనే. యువకుని ఆపుట ఆ నియమముల ఉద్దేశము కాదు. మెట్టు తరువాత మెట్టు చూపుటయే ఉద్దేశము.

బాలచంద్రునికి లేకపోయినవి ఆ మెట్లు. బొంగరమునకును కారంపూడికిని నడుమ అతనికి వేఱొక బరి లేదు. ఒక చిన్న కావలి పని లేదు, ఒక రాయబారము వెంట పంపుట లేదు, ఒక ఓటమిని చూచి నేర్చుకొను అవకాశము లేదు. ప్రేమతో పెద్దలు అతనిని యుద్ధమునుండి దాచిరి. దాచిన సంగతి ఎత్తిపొడుపు రూపమున బయటపడెను. వలదని అతనికి చెప్పినవారున్నారు గాని ఎప్పుడు తగుదువని చెప్పినవారు లేరు. ఇప్పుడు కాదు అను మాట వెంట ఎప్పుడు అను మాట కూడ లేనిచో, పౌరుషము గల యువకునికి అది అవమానముగనే తోచును. గడువు తెలిసినచో అదే మాట దీక్షయగును.

ఈ కథను తరగతి గదిలో చెప్పు ఉపాధ్యాయుడు బాలచంద్రుని శౌర్యమును తగ్గించి చెప్పనక్కఱలేదు. ఆ శౌర్యము నిజము. చదువు విద్యార్థి అతనిని ప్రేమింపక యుండలేడు. కాని శౌర్యముతో పాటు అన్నమ్మ మాటను, ఐతాంబ కన్నీటిని, అనపోతు చావును, సభలో నోరు మెదపని పెద్దలను కూడ చెప్పవలెను. అప్పుడు విద్యార్థికి ఒక సంగతి తెలియును. యువకుడు బరిలో దిగుటకు తగినవాడా యను ప్రశ్న యువకుని ఒక్కని గూర్చినది కాదు. అతని వెనుక మూలన నిలిచినవారిని గూర్చినది కూడ. తనను ఎత్తిపొడుచు మాటకును, తనను పిలుచు కర్తవ్యమునకును తేడా తెలిసికొన్ననాడు యువకుడు సిద్ధుడు. అతని కోపమునకు వెఱవక, అవసరమైనప్పుడు తువ్వాలు విసరగలిగిననాడు పెద్దలు సిద్ధులు. కారంపూడిలో ఆ రెండును సిద్ధము కాకముందే యుద్ధభేరి మ్రోగెను.